శౌరయ్య ముందు కుర్చీ

రెంటచింతల ఎండ మనిషిని బతకనివ్వదు సరే, పోయినవాణ్ణయినా నెమ్మదిగా పడుకోనివ్వదు. నిన్న సాయంత్రం శౌరయ్య కన్నుమూశాడు. కూతురు లూర్దు ఎక్కడో అస్సాంలో కన్యస్త్రీల మఠంలో ఉంది. విమానం దిగి, రైలెక్కి, ఎంత పరుగెత్తినా ఈ సాయంత్రానికి గాని నడికుడిలో దిగదు. మాచర్లలో ఉన్న ఐసుపెట్టెలన్నీ వేరే చావులకు వెళ్ళిపోయాయి. పాపం, కొడుకు ప్రదీప్ ఏం చేస్తాడు? పొద్దున్నే స్నేహితుడి కారులో గుంటూరు వెళ్ళి డ్రై ఐస్ తెచ్చాడు.

"చేత్తో ముట్టుకోమాక, కారు అద్దాలు దించుకొని పో," అన్నాడు అమ్మినతను. ప్రదీప్ రెండూ పాటించాడు. దిమ్మలకు గుడ్డ చుట్టి, శవపేటికలో నాన్న పక్కన సర్దాడు. తెల్లటి పొగ పెట్టె అంచులు దాటి నేలమీదికి జారి, కాసేపటికి కనబడకుండా పోయింది.

ఊళ్ళోవాళ్ళకు ఐసంటే కరిగేదే. ఇన్నయ్య మామ పెట్టె కింద బేసిన్ పెట్టి, మాటిమాటికీ వంగి చూస్తున్నాడు. చుక్క పడితే ఒట్టు.

"ఒరేయ్ ప్రదీపూ, నీళ్ళేయిరా? నిన్నెవరో చానా మోసం చేశారు!"

"ఇది నీళ్ళవదు మామా. నేరుగా గాలై పోద్ది."

"ఐసు గాలై పోవటమేందిరా, చోద్యం గాకపోతే!"

దిమ్మలు మాత్రం తరుగుతున్నాయి. నాన్నా ఇలాగే పోయాడు గదా అనిపించింది ప్రదీప్‌కు. మంచాన పడలేదు, మూలగలేదు. పొద్దున మిరపచేలోకి వెళ్ళిన మనిషి సాయంత్రానికి లేడు. మధ్యలో ఏదీ లేకుండానే అయిపోయింది. కాస్త జబ్బుపడి పోయినా బాగుండేదని అనుకోవడం పాపమే, కానీ అనుకున్నాడు.

మధ్యాహ్నం వడగాడ్పు లేచింది. పెట్టె పక్కన నేలమీద పెట్టిన కొవ్వొత్తి ఆరిపోయింది. గాలికే అనుకొని ఎవరో కిటికీ మూసి వెలిగించారు. మళ్ళీ ఆరింది. ఇంకో కిటికీ మూశారు. మళ్ళీ ఆరితే తలుపు కూడా దగ్గరకు వేశారు. చల్లదనం పోకుండా ఉంటుందిలే అని ప్రదీప్ కూడా ఊరుకున్నాడు. జపమాల చెబుతున్న ఆడవాళ్ళ గొంతులు ఎందుకో ఆయాసపడుతున్నాయి.

"శౌరికి మనసు కుదుటపడటల్లా. కూతురి కోసం చూస్తన్నాడు," అని ఇన్నయ్య మామ కళ్ళొత్తుకున్నాడు.

ఈసారి ప్రదీపే అగ్గిపుల్ల గీశాడు. నిలబడి గీస్తే భగ్గున మండిన పుల్ల, కిందికి దించగానే చప్పున ఆరింది. అన్నీ మూసిన గదిలో గాలెక్కడిది? అమ్మినతని మాట గుర్తొచ్చింది. అద్దాలు దించుకోమన్నది ఇందుకా! కనబడటం లేదే గాని ఊపిరాడనివ్వని ఆ పొగ ఎక్కడికీ పోలేదు, బరువుగా నేల పట్టుకొని కూర్చుంది. ఆ నేలమీదే, భర్త తల దగ్గర చాపమీద, అమ్మ ఆరోగ్యమ్మ ఒరిగి ఉంది. ఏడ్చి ఏడ్చి నిద్రపోయిందనుకున్నారంతా.

"అందరూ బయటికి పొండి!" అని అరుస్తూ తలుపు బార్లా తెరిచి, అమ్మను ఎత్తుకొని వాకిట్లోకి పరుగెత్తాడు. కాసేపటికి ఆమె దగ్గి కళ్ళు తెరిచింది. ప్రదీప్ వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆరోగ్యమ్మ కళ్ళు తెరుస్తూనే ఇంటివైపు చూసింది. "తలుపు మూయరా! ఐసు అయిపోద్ది. లూర్దు ఆయన్ని చూడొద్దా?"

"పోతే పోనీ. నువ్వూ పోతే అక్కకి నేనేం చెప్పనే?"

"ఆయన్ని ఒంటరిగా వదిలేస్తామా? నేను పోయి కూచుంటా."

"కూచో. కింద మాత్రం కాదు. గుమ్మం దగ్గర కుర్చీ ఏస్తా."

ఆరోగ్యమ్మ బిత్తరపోయింది. కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆ ఇంట్లో మొగుడు కుర్చీలో, పెళ్ళాం గడపమీద. శౌరయ్య ఎదుట ఆమె ఏనాడూ కుర్చీ ఎక్కలేదు.

"సచ్చిన మొగుడి ముందు కుర్చీనా? నలుగురూ నవ్వరంట్రా?"

"నవ్వనీ."

కూర్చుంది. తెరిచిన తలుపుల్లోంచి వేడిగాలి కొడుతుంటే దిమ్మలు చూస్తుండగానే చిక్కిపోయాయి. ప్రదీప్ దారి వైపొకసారి, పెట్టె వైపొకసారి చూస్తూ గడిపాడు.

ఎండ వాలాక లూర్దు వచ్చింది. అప్పటికి పెట్టెలో ఉత్త గుడ్డలే మిగిలాయి. కానీ వాటికింకా చలవ ఉంది. నాన్న ముఖం నాన్న ముఖంలాగే ఉంది. ఆమె తండ్రి నుదుటిని ముద్దుపెట్టుకొని తలెత్తి, తల్లిని చూసి ఆగిపోయింది.

"అమ్మా, నువ్వు కుర్చీలో..."

ఆరోగ్యమ్మ భర్త వైపు చూసింది.

"లెగమంటే లెగుస్తానే. ఒక్కసారి అనమను మీ నాయన్ని," అంటూ బావురుమంది.