ఎవరి చేను ముందు?

"వంగండమ్మా, వంగండి! అలా నిలబడితే కలుపు దానంతటదే లేచి గట్టెక్కుతుందా?"

గొడుగు నీడలో నిలబడి మేస్త్రి అరుస్తున్నాడు. నెత్తిమీద ఎండ మాడ్చేస్తోంది, రాత్రి కురిసిన వాన ఆవిరై నేలలోంచి పైకి తంతోంది. ఆసామి మొక్కజొన్న చేనులో ఆడవాళ్లంతా తలో సాలు పట్టుకుని కొడవళ్లతో తుంగ పెకిలిస్తున్నారు. నడుం పట్టేసి ఒక్క క్షణం నిటారుగా నిలబడింది చిట్టి. ఆ అరుపు ఆమెకే.

ఒడ్డూ పొడుగూ లేదని కాపురానికొచ్చిన రోజే అత్త 'చిట్టి' అంది, అదే స్థిరపడిపోయింది. నోరు మాత్రం చిట్టిది కాదు.

నిలబడితే కాలవ అవతల చిట్టి వాళ్ల చేను కనిపిస్తుంది. అదీ ఆసామి నేలే, కౌలుకిచ్చాడు. నేలతో పాటు ఒక కట్టుబాటు కూడా అంటగట్టాడు: తన చేనులో కలుపు తీత పూర్తయ్యాకే కౌలుదార్లు వాళ్ల చేలల్లో దిగాలి. ఎప్పటి నుంచీ అంటే ఎవరూ చెప్పలేరు. కాగితం మీద లేదు. లేదు గనకే దాన్ని చింపడం ఎవరి వల్లా కాలేదు.

మొక్కజొన్నకు మొలిచిన మొదటి నెలే గండం. ఆ నెల్లాళ్లూ గడ్డి తగలకుండా కాస్తే, తర్వాత తన నీడతో తనే కలుపును అణిచేస్తుంది. వదిలేశామా, నీళ్లూ ఎరువూ వెలుతురూ అన్నీ గడ్డి పాలే. ఆ పైన అద్దంలా శుభ్రం చేసినా చేను కోలుకోదు. ఇదంతా ఆసామికి బాగా తెలుసు. తెలుసు కాబట్టే ఆ నెల్లాళ్లూ ఊళ్లో చేతులన్నీ తన చేనులోనే ఉంచుకుంటాడు, పెద్దమనిషి!

పోయినేడు చిట్టి ఒక పిచ్చిపని చేసింది. కలుపు తీసే వీలెలాగూ లేదు, మొక్కకు బలమైనా ఇద్దామని యూరియా తెచ్చి గడ్డిలోనే చల్లేసింది. తుంగా గరికా పెళ్లి భోజనం తిన్నట్టు బలిశాయి. మొక్కజొన్న పచ్చకామెర్లు వచ్చినట్టు పాలిపోయి నిలబడింది. పొత్తు ఒలిచి చూస్తే గింజలు సగం లేవు. కౌలు బస్తాల్లో మాత్రం ఒక్కటీ తగ్గలేదు. "మీ చేతకానితనానికి ఆసామి ఏం చేస్తాడు?" అన్నాడు మేస్త్రి. ఆ మాట ఇంకా ఆమెలో మండుతూనే ఉంది.

ఈసారి ఇంకా అదును దాటలేదు. ఈ పూటతో ఇక్కడ అయిపోతుంది, రేపు తమ చేనులో దిగొచ్చు. పక్క సాల్లో ఉన్న అత్తతో ఆ మాటే అంటోంది.

"రేపు అందరూ ఆసామిగారి బావమరిది చేనుకు రండి. అది కూడా కానిచ్చి, తర్వాత మీ ఇష్టం," అన్నాడు మేస్త్రి.

చిట్టి కొడవలి ఆగిపోయింది.

"ఆ చేను మా మెడకెప్పుడు చుట్టారు మేస్త్రీ?"

"చాల్లేవే! ఆయనొకటీ బావమరిదొకటీనా? ఇద్దరూ ఒకటే."

"సరే, ఒకటే అనుకో. రెండు చేలకీ రాను."

కొడవలి చెంగుకు తుడుచుకుని, చేను దాటి, కాలవ దాటి వెళ్లిపోయింది. మేస్త్రి అత్త మీద పడ్డాడు.

"నీ కోడలికి మతి పోయిందా? వెళ్లి లాక్కురా. లేదంటే వచ్చే ఏడు ఆ చేను మీది కాదు!"

తమ చేనులో చిట్టి సాలు పట్టింది. చేతులు ఆడుతున్నాయి గానీ లోపల భయంతో చచ్చిపోతోంది. నేల పోతే ఏం తింటారు? ఆసామి పై చేనులో గట్లు సరిచేస్తున్న మొగుడికి తెలిస్తే ఇంట్లో రణరంగమే. కళ్లనీళ్లు కారుతున్నాయి. అయినా చెయ్యి ఆపలేదు.

అత్త ఆయాసపడుతూ వచ్చింది.

"రావే తల్లీ, నీకు దణ్ణం పెడతా. మనకు నేలుండాలి."

"నేలుంటే సరిపోయిందా అత్తా? పోయినేడంతా గడ్డి పండించాం. ఈ ఏడూ గడ్డేనా? కౌలు మనదీ, కాపు తుంగదీనా?"

అత్త వంగింది. కాళ్ల దగ్గరి గుబురు రెండు చేతులతో విడదీసింది. లోపల మొక్కజొన్న మొక్క, వేలంత కాడతో, వెలుతురు కోసం పక్కకు సాగిలపడి ఉంది. ఆకు ఇంకా పచ్చగానే ఉంది. తను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ కలుపు అదునులో అత్త తన చేనులో కాలు పెట్టింది లేదు. ఎప్పుడు వచ్చినా పాలిపోయిన చేనే చూసింది. ఇంత పచ్చటి ఆకును ఈ చేనులో చూడ్డం ఇదే మొదలు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

గట్టుమీద గొడుగు కనిపించింది. "ఏం, ఎంతసేపు? ఏమంటోంది?"

"రానంటోంది," అంది అత్త.

"మరి నువ్వక్కడ చేస్తున్నదేంటి?"

ముసలామె పక్క సాల్లో గొంతుక్కూర్చుంది. తుంగ దుబ్బు ఒడిసి పట్టి, గడ్డతో సహా పెకిలించి, మట్టి దులిపి గట్టుమీదికి విసిరింది.

"నేనూ రానని చెప్పుకో, పో!"