ఆదివారం చూసిన సంగతి

భర్త చొక్కా కాలరు ఆమె ఇస్త్రీ చేస్తుండగా, అద్దంలో తల దువ్వుకుంటూ అతనన్నాడు. "అన్నయ్య ప్రింటింగ్ ప్రెస్సు మీద మీ ఆఫీసుకి ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారట. కాస్త చూసుకో."

"ఏం చూసుకోవాలి?"

"పక్కన పడేస్తే సరి. ఆపాటి సాయం చెయ్యకపోతే ఇన్‌స్పెక్టరువై ఏం లాభం?"

ఆమె కార్మిక శాఖలో ఇన్‌స్పెక్టరు. పద్దెనిమిది నిండని పిల్లల్ని ప్రమాదకరమైన మిషన్ల దగ్గర పెట్టకూడదని పదకొండేళ్లుగా ఊరంతా తిరిగి చెబుతోంది. ఇంట్లో మాత్రం అత్తగారి మాటే చట్టం. "ఆ ఉద్యోగాన్ని చెప్పులతోపాటు గుమ్మం బయటే వదిలి రా." వదిలే వచ్చేది. ప్రతి ఆదివారం బావగారింట్లో పదిమందికి వండి, టీ గ్లాసులు పట్టుకుని కింద ప్రెస్సులోకి దిగేది. అక్కడ కాగితాలు కోసే మిషను దగ్గర పదహారేళ్ల పిల్ల నిలబడి ఉండేది. రెండు నెలల కిందట ఆ పిల్ల బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ ఎర్రగా తడిసింది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదండీ. నాదే తప్పు. పరధ్యానంగా ఉన్నా."

ఆమె ఖాళీ గ్లాసులు తీసుకుని మెట్లెక్కి, ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుంది. పరాయివాళ్ల ప్రెస్సయితే అక్కడికక్కడే రాసుకునేది. మరి ఇక్కడ నోరెందుకు పెగల్లేదు? భయమా, మర్యాదా? లేక కోడలిగా దిగినప్పుడు ఇన్‌స్పెక్టరు కళ్లు నిజంగానే మూసుకుపోతాయా?

ఆఫీసులో పై అధికారి ఆ ఉత్తరం చూపించారు. "మీ బావగారిదే కదమ్మా. తప్పుకుంటున్నానని ఒక ముక్క రాసివ్వండి, వేరేవాళ్లు వెళ్తారు. రూలూ అదే, మీకూ ఇబ్బంది ఉండదు."

నిజమే. ఇంట్లోవాళ్లూ సంతోషిస్తారు. కానీ బావగారికి కబురు ముందే అందింది కాబట్టి రేపటికి ఆ పిల్ల అక్కడ ఉండదు. మిషను దగ్గర మీసాలున్న మనిషి నిలబడి ఉంటాడు. తాను చెబితే పిల్లకి పని పోతుంది. చెప్పకపోతే వేళ్లు పోతాయి. అసలు చెప్పాలనిపించడం న్యాయమా, ఇన్ని ఆదివారాల కక్షా? ఎంత తవ్వుకున్నా తేలలేదు. తేలేదాకా ఆగుదామంటే, రెండు నెలలుగా ఆగింది అందుకేగా.

తప్పుకుంటున్నానని రాసి సంతకం పెట్టింది. ఆ వెంటనే ఇంకో కాగితం తీసుకుని, ఆపకుండా పేజీ నింపింది.

"ఇదేంటమ్మా?"

"నా వాంగ్మూలం సార్. తనిఖీకి వెళ్లను. సాక్ష్యం చెబుతాను."

ఆయన చదివి కళ్లజోడు తీశారు. "చూసి కూడా రెండు నెలలు దాచానని మీరే రాశారు. చర్య మీ మీద కూడా ఉంటుంది, తెలుసా?"

"తెలుసు సార్. అందుకే తప్పు చేసినవాళ్ల వరసలో బావగారి పేరు రెండోది వేశాను."