సౌండు తగ్గించిన చెయ్యి

నేను సభలకు మైకు సెట్టు కడతాను. నలభై ఏళ్లుగా ఇదే పని. జనం ఊగుతుంటే సౌండు పెంచాలి. లేచి పోతుంటే మాట తగ్గించి పాట వెయ్యాలి. ఒకరు చెప్పనక్కర్లేదు, చెయ్యే చూసుకుంటుంది.

మా ఆవిడకు రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి రెండుసార్లు రక్తం కడిగించాలి. రక్తం కడిగే మిషన్ ఉన్న ఊరికి బస్సులో నాలుగు గంటలు. వెళ్లొచ్చిన రోజు ఆమెకు కూర్చునే ఓపిక కూడా ఉండదు.

మా ఊరి ఆస్పత్రికే మిషన్ తేవాలని ఒక పార్టీలో తిరిగే నర్సమ్మ పట్టుబట్టింది. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మా ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుని అన్నీ అడిగి రాసుకుంది.

"సభలో చదువుతాను. బాగా వినపడాలి బాబాయ్."

"నా మైకు సంగతి నాకే చెప్తావా తల్లీ!"

సభలో ముందు నాయకుడు లేచాడు. అవతలి పార్టీవాణ్ణి దొంగన్నాడు, దద్దమ్మన్నాడు, వాడి నడక నడిచి చూపించాడు. ఈలలే ఈలలు. సౌండు పూర్తిగా పెంచాను.

తర్వాత నర్సమ్మ కాగితం విప్పింది. రోగులు ఎందరు, మిషన్లు ఎన్ని కావాలి, నడిపేది ఎవరు. నాలుగు ముక్కలు చదివిందో లేదో జనం కుర్చీలు జరిపారు.

"అమ్మా, ఇది బడి కాదమ్మా!" అని ఎవడో అరిచాడు. నవ్వులు.

నేను చూసుకునేసరికి చెయ్యి మీట మీద ఉంది, పాట మోగుతోంది. నర్సమ్మ పెదాలు కాసేపు కదిలాయి. కాగితం మడిచి దిగిపోయింది.

ఇంటికెళ్తే మా ఆవిడ కిటికీ దగ్గరే ఉంది.

"తిట్లన్నీ ఇక్కడిదాకా వినపడ్డాయి. నర్సమ్మ గొంతు రాలేదేం?"

"గాలి అటు తిరిగింది," అన్నాను.

నర్సమ్మ పార్టీయే గెలిచింది. ఆరు నెలలు చూసి ఆఫీసుకెళ్లాను. నాయకుడి పీఏ ఉన్నాడు.

"ఏ మిషన్ తాతా? ఎప్పుడన్నాం?"

"సభలో చదివారు బాబూ."

"ఎవరు విన్నారు?"

లేచి వచ్చేశాను.

మా ఆవిడ బస్సులోనే పోయింది. తిరిగొస్తుంటే, రెండో గంటలో. నా భుజం మీద తల పెట్టుకునే ఉంది. నిద్ర అనుకున్నాను.

నెల తిరక్కుండా ఆ పీఏ ఇంటికొచ్చాడు.

"పెద్ద సభ తాతా. అవతలివాళ్లను ఉతికి ఆరెయ్యాలి. నువ్వుంటే జనం కదలరు."

"చెయ్యి పనిచెయ్యడం లేదు బాబూ."

అతను నా చేతుల కేసి చూశాడు. రెండూ బాగానే ఉన్నాయి.