శవానికి ఒక మాట

మేకప్ చేసే కెరీ రెండో పొర బూడిదరంగు ముఖానికి పూస్తుంటే బెరిల్ స్టాన్‌క్లిఫ్ కళ్లు మూసుకునే టీ తాగింది. పెదవుల రంగు చెదరకుండా గుటక వేయడం ఆమెకు అలవాటే. బెరిల్ చేతుల దగ్గరే కెరీకి పని ఎక్కువ. బడి వంటశాలలో ఏళ్లకేళ్లు గిన్నెలు తోమిన ఆ ఎర్రటి, ఉబ్బిన వేళ్లు ఎంత పూసినా శవం వేళ్లలా కనిపించవు.

ఇంగ్లండులోని హాలిఫాక్స్ శివారులో మూతపడిన ఉన్నిమిల్లు గోదాములో వేసిన మార్చురీ సెట్టు అది. 'ఇన్‌స్పెక్టర్ థ్రాప్' డిటెక్టివ్ సీరియళ్లను వెక్కిరించే హాస్య సీరియల్. అందులో జనం కంటే హత్యలే ఎక్కువున్న ఒక పల్లెటూరు, వారానికో శవం. ఒకసారి పాస్టరు భార్య, ఒకసారి పోస్టాఫీసు నడిపే ఆవిడ, ఒకసారి గులాబీల పోటీలో గెలిచిన ముసలమ్మ. అన్ని శవాలూ బెరిలే. ఇన్‌స్పెక్టరు మాత్రం ఎన్నడూ గుర్తుపట్టడు. జనం అన్నిటికంటే ఎక్కువ నవ్వేది దానికే.

ఈరోజు ఆఖరి ఎపిసోడు. థ్రాప్ ఆమె మీదికి వంగి, మనం ఇంతకుముందు ఎక్కడైనా కలిశామా అని అడుగుతాడు. శవం కళ్లు తెరిచి, "ప్రతి వారం కలుస్తూనే ఉన్నాం సార్" అంటుంది.

"పళ్లు తియ్యలేదేం బెరిల్?" అని అడిగింది కెరీ. కట్టుడు పళ్లు తీసేసి, బుగ్గలు లోపలికి పోయాకే ఆమె ఎప్పుడూ స్టీలు బల్ల ఎక్కేది.

"తీస్తే మాట గాలికి పోతుందే."

వారం రోజులుగా, ఇన్నాళ్లకు తనకు దొరికిన ఆ మొదటి మాటను సింకు దగ్గర, స్నానాల గదిలో, బస్‌స్టాపులో చెప్పుకుంటూనే ఉంది. ఆమె భర్త కెన్ ఆ సీరియల్ ఒక్క భాగం కూడా పూర్తిగా చూడలేదు. పడుకున్నందుకు డబ్బులిస్తున్నారా, ఇంట్లో ఊరికే పడుకుంటావుగా అనేవాడు. నిన్న మాత్రం, స్నానాల గది తలుపు బయట నిలబడి, "నువ్వు మాట్లాడేది టీవీలో వస్తే పిలువు, చూస్తాను," అన్నాడు. అందులో వెటకారం లేదు. రాత్రంతా ఆమె ఆ గొంతునే తలుచుకుంది.

రిహార్సల్‌లో మాట చెప్పింది. అనుకున్నదానికంటే సన్నగా వచ్చింది. ఎవరూ నవ్వలేదు. ఆ సెట్టులో నవ్వకూడదన్నది నియమం. అందరూ నిజమైన హత్య జరిగినట్టే ముఖాలు పెట్టాలి. అందుకే ఆమెకు అనుమానం రాలేదు.

దర్శకుడు టోబీ వచ్చి బల్ల పక్కన గొంతుక్కూర్చున్నాడు. మర్యాదస్తుడు.

"బాగా చెప్పారు బెరిల్. కానీ అసలు చెప్పకపోతే ఇంకా బాగుంటుందేమో. కళ్లు తెరవండి, ఆయన్ని చూడండి, మళ్లీ మూసుకోండి. అంతే."

"మరి మాట?"

"మాట వద్దులెండి."

థ్రాప్ వేషం వేసే డెస్మండ్ టోపీ చేతిలో పట్టుకుని తన బూట్ల వంక చూస్తూ నిలబడ్డాడు.

బెరిల్ కాసేపు పైకప్పు దూలాల కేసి చూసింది. తర్వాత పళ్లు తీసి కెరీ చేతిలో పెట్టింది.

కెరీ వెళ్లి వేడినీళ్ల సంచి తెచ్చి, ఆమె నడుముకు చల్లటి స్టీలు తగలకుండా కింద సర్ది, దుప్పటి కప్పింది.

షాట్ మొదలైంది. డెస్మండ్ వంగి అడిగాడు. బెరిల్ కళ్లు తెరిచింది. అతన్ని చూసింది. మూసుకుంది.

కట్ చెప్పకముందే ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత కెమెరామెన్, లైట్లవాళ్లు, చివరికి డెస్మండ్ కూడా. టోబీ కళ్లు తుడుచుకున్నాడు. ఆ సెట్టులో నియమం తప్పడం అదే మొదటిసారి. మూసిన కళ్లతో ఆ నవ్వంతా వింది బెరిల్. టోబీ అన్నది నిజమే. మాట లేకుండానే బాగుంది. అతను పొరబడి ఉంటే ఆమెకు ఇంత బాధ ఉండేది కాదు.

అందరూ కేకు కోసుకుంటుంటే పళ్లు పెట్టుకుని, కోటు వేసుకుని బయటపడింది. రంగు తుడుచుకోవడం మరిచిపోయింది. బస్సులో ఆ బూడిద ముఖాన్ని ఎవరూ రెండోసారి చూడలేదు.

ఇంట్లో కెన్ టీవీలో స్నూకర్ ఆట చూస్తున్నాడు. తల తిప్పకుండానే, "చెప్పావా?" అన్నాడు.

"నిన్ను పిలవనులే," అంది.

"ఊఁ," అని అతను టీవీ గొంతు పెంచాడు.

గోదాములో దీపాలు ఆర్పేశారు. స్టీలు బల్ల మీద, దుప్పటి కింద, వేడినీళ్ల సంచి ఇంకా కొంచెం వెచ్చగా ఉంది.