మీటర్ చదివినవాడు

మా అన్నయ్యకి కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంటికి వెలుగూ నీడా తప్ప అంకెలు ఆనవు. ఈ సంగతి మా వదినకీ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. పాత కార్ల కరెంటు పని చేసేవాడికి చూపు లేదని తెలిస్తే మా షెడ్డు గుమ్మం ఎవడు తొక్కుతాడు? అందుకే మీటర్ నా చేతికిచ్చి, తను బానెట్ కింద తల దూర్చి, అన్నీ చూస్తున్నట్టు నటిస్తూ "చదవరా" అంటాడు. నేను చదువుతాను. పాతికేళ్ళు పానాలు అందించాను, ఆరేళ్ళుగా మీటర్ చదువుతున్నాను. ఇదీ నా జీవితం.

పైగా వచ్చినవాళ్ళ ముందు వేళాకోళం ఒకటి. "మా తమ్ముడు బాగా చదువుకున్నాడండీ. మీటర్ దాకా చదివాడు" అంటాడు. వాళ్ళు పడీ పడీ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, నవ్వక చస్తానా. ఎవరి కళ్ళతో బతుకుతున్నావయ్యా నువ్వు అనే మాట నాలుక చివరిదాకా వస్తుంది. మింగేస్తాను.

ఉన్నమాట చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, అన్నయ్యది మామూలు చెవి కాదు. పాత కార్లలో ఇంజన్‌తో పాటు తిరుగుతూ బ్యాటరీ నింపే డైనమో ఉంటుంది. దాని మోత విని ఎన్ని వోల్టులు ఇస్తోందో నేను మీటర్ చూసేలోపే చెప్పేస్తాడు. పట్టుమని పావు వోల్టు తేడా రాదు. చూపు మందగించిన రోజుల్లోనే నాతో అన్నాడు, "చెవి పనిచేసినంతకాలం ఈ షెడ్డు నాది. అదీ పోయిన రోజు తాళాలు నీకిచ్చేస్తాను, నోరెత్తను." ఆరేళ్ళుగా ఆ చెవి ఎప్పుడు పోతుందా అని కాచుక్కూచున్నాను. అది చూస్తే నిక్షేపంలా ఉంది.

ఆ రోజు పొద్దున్నే ఒక డాక్టరమ్మ వచ్చింది. వాళ్ళ నాన్న వాడిన పచ్చరంగు కారు. నాలుగు రోజులకోసారి బ్యాటరీ చచ్చిపోతోందట, మూడు షెడ్లు తిరిగినా బాగుపడలేదట. "ఇలాంటివి ఇంకో ఐదున్నాయి నా దగ్గర. ఇది సరిచేస్తే అన్నీ మీకే అప్పజెబుతాను" అంది. అన్నయ్య మొహం చాటంత అయింది. ఆ సంబరంలో ఊరుకోవచ్చుగా, నా చదువు జోకు మళ్ళీ వేశాడు. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అన్నయ్య బొటనవేలితో బెల్టు నొక్కి చూశాడు. "వదులైంది. డైనమో సరిగా తిరగట్లేదు, అంతే రోగం" అని బిగించాడు. ఆవిడ లోపల కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేసింది. నేను మీటర్ పిన్నులు బ్యాటరీకి ఆనించాను.

"చదవరా."

పద్నాలుగు పాయింట్ రెండు. కొలిచి పోసినట్టు ఎంత ఉండాలో అంతే ఉంది. అంతకు బాగా తగ్గితే బ్యాటరీ నిండదు, పెరిగితే ఉడికిపోతుంది. పని అయిపోయింది.

"పన్నెండు పాయింట్ ఎనిమిది" అన్నాను.

అన్నయ్య తల పక్కకి వంచాడు. "అదేంట్రా, నాకు పద్నాలుగు వినిపిస్తోందే?"

"మీటర్ అబద్ధమాడుతుందా అన్నయ్యా?"

కాసేపు కదలకుండా విన్నాడు. తర్వాత చేత్తో తడిమి, వోల్టులు పెంచే స్క్రూని పావు చుట్టు బిగించాడు. "ఇప్పుడు?" మీటర్‌లో పదిహేను. పదమూడు అన్నాను. ఇంకో పావు చుట్టు. "ఇప్పుడు?" పదహారు. పదమూడున్నర అన్నాను. అన్నయ్య తువ్వాలు కొస మెలిపెట్టి చెవి తుడుచుకున్నాడు. దుమ్మేదో అడ్డుపడిందనుకున్నాడు పాపం. మెడ మీద చెమట కారుతోంది. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. దాచడమెందుకు, ఇన్నేళ్ళలో అంత హాయి ఎరగను.

పదిహేడు దాటాక, "పద్నాలుగు పాయింట్ రెండు. సరిపోయింది" అన్నాను.

"సరిపోయిందా?"

"సరిపోయింది అన్నయ్యా."

లైట్లు వేసి ఇంజన్ రేజ్ చేయమని ఆవిడకి చెప్పాడు. ముందు దీపాలు రెండూ తెల్లగా భగ్గుమని ఆరిపోయాయి. బ్యాటరీ కుతకుతలాడి ఆసిడ్ వాసన గుప్పుమంది. ఆవిడ ఇంజన్ ఆపి దిగింది. "ఆ బల్బులు మా నాన్న నాటివి. ఇప్పుడెక్కడా దొరకవు" అంది.

తమ్ముడు తప్పు చదివాడు అంటాడేమోనని చూశాను. అంటే కళ్ళ సంగతి బయటపెట్టేవాణ్ణి, మాట సిద్ధంగా పెట్టుకున్నాను. అన్నయ్య అనలేదు. "తప్పు నాదేనమ్మా. నాకు సరిగా వినబడలేదు" అన్నాడు.

మళ్ళీ ఇంజన్ స్టార్ట్ చేయించి, ఆవిడ కళ్ళెదుటే స్క్రూ వెనక్కి తిప్పి పద్నాలుగు పాయింట్ రెండుకి తెచ్చాను. రెండు నిమిషాలు పట్టింది. "మొదటే మీరు చేయాల్సింది" అంది. పెద్దాయనండీ, వయసైపోయింది అని మెల్లిగా అన్నాను. నా నంబరు రాసుకుని వెళ్ళింది.

మధ్యాహ్నందాకా అన్నయ్య ఏ పనీ ముట్టుకోలేదు. తర్వాత నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఒరేయ్, బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు. బెల్టు బిగించాక మొట్టమొదట మీటర్ ఎంత చూపించింది?"

అనుమానంతో అడగలేదు. నన్ను అనుమానించడం ఆ మనిషికి చేతకాదు. రోగి డాక్టర్ని అడిగినట్టు అడిగాడు. పద్నాలుగు అని ఒక్క మాటంటే చాలు, చెవి చెవిలాగే ఉంటుంది.

"పన్నెండు పాయింట్ ఎనిమిది" అన్నాను.

"అయితే పోయిందన్నమాట" అని తాళాలు తీసి నా చేతిలో పెట్టాడు. అన్నట్టుగానే నోరెత్తలేదు.

షెడ్డు మూసి బయటికొచ్చాం. ఇల్లు రోడ్డుకి అవతలే. కళ్ళు పోయినా అన్నయ్య ఏ రోజూ ఎవరి సాయమూ అడగలేదు. బండ్ల చప్పుడు విని, సందు చూసుకుని చకచకా దాటేవాడు. ఆ రోజు అంచు దగ్గర ఆగిపోయాడు. తడుముకుంటూ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఏమైనా వస్తోందా రా?"

రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి ఖాళీ.

"ఆగు, వస్తోంది" అన్నాను.

ఆగాడు.