తల్లి గడి

పాలసీసా మరిగించి తీస్తుంటే అత్తగారు అననే అంది. "మోసిందేమో ఆవిడ, బిడ్డేమో నా కొడుకు అంశ. మధ్యలో నువ్వేం చేశావే?"

సీసా వేళ్లకి చురుక్కుమంది. ఏం చేసిందా? అండాలు ఎదగడానికని తన చేత్తోనే పొట్టమీద ముప్పై రెండు సూదులు పొడుచుకుంది. సూది చూస్తే కళ్లు తిరుగుతాయని మొగుడు పక్కగదిలో టీవీ పెట్టుకునేవాడు. తన అండం తీసుకెళ్లి పరాయి దేశంలో, పరాయి కడుపులో పెట్టారు. అక్కడి చట్టానికి కన్నావిడే తల్లి. పాప జనన పత్రంలో తండ్రి గడిలో మొగుడి పేరు ఒక్క సంతకంతో దర్జాగా కూర్చుంది. తల్లి గడిలో మాత్రం ఆవిడ పేరు.

ఆ పేరంటే ఆమెకి ఒళ్లుమంట. ఆ పొట్టంటే మరీను. ఫోన్లో ఆవిడ పొట్ట నిమురుకుంటుంటే ఎవరో తనింట్లో దూరి తన మంచమ్మీద పడుకున్నట్టుండేది. బిడ్డ తన్నింది చూడమని ఆవిడ సంబరంగా సైగ చేసిన రోజు, సిగ్నల్ పోయినట్టు నటించి, కొళాయి తిప్పుకుని ఏడ్చింది.

మొగుడు చెప్పులేసుకుంటూ గుర్తుచేశాడు. "ఇక్కడి రిజిస్టర్లో ఎక్కించేది నువ్వేగా! ఆవిడ పేరు లేపేసి నీది టైపు చేసెయ్. దత్తతనీ కోర్టులనీ ఎవడు తిరుగుతాడు?"

నిజమే, జననాలు నమోదు చేసే గుమాస్తా ఆమే. రోజుకి నలభై మంది తల్లుల పేర్లు టైపు కొడుతుంది.

ఆఫీసుకెళ్లగానే ఆ గడిలో తన పేరు టైపు చేసేసింది. ఎంత హాయి! కళ్లారా చూసుకుంది. ఆవిడ ఇక లేదు. వాంతులు, వాచిన కాళ్లు, కడుపు మీద కోత, అన్నీ గాల్లో కలిసిపోయాయి. అయినా మధ్యలో ఆవిడేం చేసిందనీ?

ఆ మాట తన నోట, అచ్చం అత్తగారి గొంతుతో వచ్చేసరికి ఉలిక్కిపడింది.

ఒక్కో అక్షరమే చెరిపింది. పళ్లు కొరుకుతూ ఆవిడ పేరే టైపు కొట్టింది.

మొగుడి ఫోను. "అయిందా?"

"అయింది. ఉన్నదున్నట్టు ఎక్కించా. ఇక దత్తత కాగితాలు పెట్టాలి. కోర్టు చుట్టూ నువ్వు తిరుగు."

"నేనా? నాకు సెలవులెక్కడివి?"

"ఈ సూది నీదే."

ఫోను పెట్టేసి ఆ పేరు వంక మళ్లీ చూసింది. కడుపుమంట ఇసుమంతైనా తగ్గలేదు. ముద్ర మాత్రం నిటారుగా వేసింది.