లిఫ్టు ముందు అబద్ధం

పాఠక మహాశయులారా, నోయిడాలో ప్రతి అపార్టుమెంటు సొసైటీకీ ఓ ప్రెసిడెంటు ఉంటాడు. ఎన్నికలో గెలిచాక ఆయన నడకే మారిపోతుంది. హేమసుందర్ గారి నడకా అలాగే మారింది.

ఆయన కూతురు ఫ్రాన్సులో చదువుకున్నన్నాళ్లూ ఓదీల్ అనే పెద్దావిడ ఇంట్లో ఉండేది. వంద గడపలు కూడా లేని పల్లెకు ఆవిడ మేయరు, అంటే మన సర్పంచి లాంటిదన్నమాట. ఢిల్లీ చూడవచ్చి వీళ్లింట దిగింది.

"మా ఊళ్లో సభ జరిగితే ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఇళ్లల్లో పనిచేసే మార్త్ కూడా సభ్యురాలే. ఆమె ఒప్పుకోనిదే మురుగుకాలవ కూడా తవ్వలేం," అని కాఫీ తాగుతూ నవ్వింది.

"మా సొసైటీ కూడా అచ్చం అంతేనండీ," అన్నాడు హేమసుందర్. చెప్పుకోవడానికేం, నోరుంటే చాలు.

ఇద్దరూ పార్కులో తిరిగి వచ్చేసరికి లిఫ్టు దగ్గర ఓంవతి ఎదురైంది. వాళ్లింట్లో అంట్లు తోమే మనిషి. ఏడో నెల గర్భిణి. పనివాళ్ల లిఫ్టు చెడిపోయి వారమైంది. ఓదీల్ తలుపు మూసుకోకుండా పట్టుకుని రమ్మని సైగ చేసింది.

"నహీ మేడమ్, సీఢీ సే జాయేంగే. సాబ్ కా ఆర్డర్ హై," అంది ఓంవతి తలొంచుకుని.

ఆ లిఫ్టు బాగయ్యేదాకా పనివాళ్లు మెట్లెక్కే వెళ్లాలని గోడకు అంటించిన కాగితం మీద సంతకం హేమసుందర్‌దే.

"ఏమంటోంది?" అని అడిగింది ఓదీల్.

ఆయన ఆ కాగితానికి అడ్డంగా జరిగాడు. "ఆమెకు మెట్లెక్కడమే ఇష్టమటండీ," అన్నాడు.

"అలాగా. అయితే కబుర్లు చెప్పుకుంటూ నేనూ ఆమెతోనే వస్తాను," అని ఓదీల్ ఓంవతి చేతిసంచి అందుకుంది. ఆ ఇద్దరికీ దుబాసీ కావాలి కదా, ఆయనా వెనకే నడవాల్సి వచ్చింది.

నాలుగో అంతస్తుకే ఆయనకు ఆయాసం వచ్చింది. ఆరో అంతస్తులో ఓంవతి కడుపు మీద చెయ్యి వేసుకుని మెట్టు మీద కూలబడింది. "మాఫ్ కర్నా సాబ్, దో మినట్," అంది. తన ఎంగిలి కంచం తోమడానికి వస్తున్న మనిషి తనకే క్షమాపణ చెబుతుంటే హేమసుందర్‌కు తల కొట్టేసినట్టయింది.

"నేను అబద్ధం చెప్పానండీ. ఆమెను లిఫ్టెక్కనివ్వనిది నేనే," అన్నాడు.

ఓదీల్ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "ఆ ఆర్డరు వేసేముందు ఆమెను అడిగారా?" అంది.

ఆమె మా సొసైటీ మనిషి కాదు కదండీ, అనబోయాడు. ఆ మాట తన చెవికే రోతగా తోచి మింగేశాడు.

లిఫ్టు పిలిచి, "ఆవో బేటీ," అన్నాడు. ఓంవతి జంకుతూ ఎక్కి, గోడకు కొంగు కూడా తగలకుండా ఓ మూలకు ఒదిగి నిలబడింది. ఆ ఒదుగుడు తను నేర్పిందే. పైకి వెళ్లేదాకా ఆయన తలెత్తలేకపోయాడు.

కాగితం ఆ పూటే చింపేశాడు. కానీ మర్నాడూ ఓంవతి లిఫ్టులో అలాగే ఒదిగి నిలబడింది.

అయ్యలారా, అమ్మలారా, కాగితం చింపడం తేలికే. మన ఇల్లు శుభ్రం చేసే మనిషికి మన పక్కన నిలబడే చోటు లేనప్పుడు, ఎన్ని ఎన్నికలు జరుపుకున్నా అది ఊరనిపించుకోదు.